'మృతకణాల పొర' - ఒక విమర్శ

చర్మాన్ని గురించిన పాఠంలో ఒక మాట తప్పకుండా వస్తుంది: చర్మపు పైపొరలో ఉండేవి మృతకణాలు, అవి ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటాయి అని. ఈ మాటలో అబద్ధం లేదు. కాని పాఠం అక్కడ ఒక్క క్షణం కూడా నిలవకుండా చెమట గ్రంథులకూ, వెంట్రుకల కుదుళ్లకూ సాగిపోతే విద్యార్థి మనస్సులో మిగిలే భావం వేరు. చచ్చినది, రాలిపోయేది అంటే పనికిరానిదనే అర్థం లోకంలో ఉన్నది. నలుగు పెట్టి ఒళ్లు రుద్దినప్పుడు రాలేదంతా మట్టే అని ఇంట్లో అనుకుంటారు. ఆ నమ్మకానికి శాస్త్రపాఠం కూడా వత్తాసు పలికినట్లవుతుంది. ఎంత గట్టిగా రుద్దితే అంత శుభ్రం అనే అభిప్రాయం బలపడుతుంది.

ఈ పొరను గురించిన బోధన విద్యార్థికి మూడు రూపాలలో అందుతున్నది: ఒక మాట, ఒక స్లైడు, ఒక పోలిక. ఈ మూడింటిలో నిజమెంత, లోపమెంత అనేది విడివిడిగా పరీక్షించి చూడవలసి ఉన్నది.

ముందుగా పొర స్వరూపం. చర్మంలో లోపలిది అంతశ్చర్మం, పైది బాహ్యచర్మం. బాహ్యచర్మపు అడుగు వరసలోని కణాలు విభజన చెందుతూ ఉంటాయి. కొత్త కణాలు క్రమంగా పైకి జరుగుతాయి. జరుగుతున్నకొద్దీ కెరటిన్ అనే ప్రోటీనును నింపుకొంటాయి. చివరకు కేంద్రకాన్ని కూడా పోగొట్టుకొని పలుచని పలకలుగా మారుతాయి. ఈ పలకల వరసలనే లాటిన్ భాషలో స్ట్రాటం కార్నియం అంటారు. కొమ్ము వంటి పొర అని దాని అర్థం కనుక తెలుగులో శృంగస్తరం అనవచ్చు. శరీరంలో చాలాచోట్ల దీని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే. అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. అంత పలుచని పొరలోనే సుమారు 15 వరసల కణాలు ఇమిడి ఉన్నాయి.

ఇక మొదటిది, 'మృత' అనే మాట. కేంద్రకం లేని, విభజన చెందని కణాన్ని మృతకణం అనడంలో తప్పు లేదు. అయితే అదే తరగతిలో వృక్షశాస్త్రం చెప్పేటప్పుడు బెరడులోని కార్కు కణాలు కూడా మృతకణాలే అని చెపుతారు. వాటి గోడలలో సుబెరిన్ అనే మైనం వంటి పదార్థం ఉంటుందనీ, అందువల్లనే చెట్టులోని నీరు ఆవిరై పోకుండా నిలుస్తున్నదనీ వివరిస్తారు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి కణాలని పేరు పెట్టినవి కూడా ఆ కార్కు గదులే. అక్కడ మృతకణానికి ఒక వృత్తి ఉన్నదని విద్యార్థికి తెలుస్తున్నది. చర్మం దగ్గరకు వచ్చేసరికి ఆ వృత్తి సంగతి జారిపోతున్నది. దోషం మాటలో లేదు, మాటను అసంపూర్ణంగా వదలడంలో ఉన్నది.

ఆ వృత్తి ఏమిటో ప్రయోగం ద్వారా తేలింది. 1944లో విన్సర్, బర్చ్ అనే అమెరికన్ పరిశోధకులు శరీరం నుంచి వేరుచేసిన చర్మాన్ని గరుకు కాగితంతో రుద్ది, దాని గుండా నీరు ఎంత పోతున్నదో కొలిచారు. శృంగస్తరం పోగానే నీటి నష్టం విపరీతంగా పెరిగింది. దాని కింద ఉన్న మందమైన సజీవభాగం నీటిని ఆపలేకపోయింది. ఆరోగ్యవంతుని చర్మం నుంచి, చెమటతో నిమిత్తం లేకుండా, రోజుకు సుమారు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు ఆవిరవుతుంది. ఒళ్లు విస్తారంగా కాలి ఈ పొర నశించినవారిలో ఆ నష్టం రోజుకు 3 నుంచి 5 లీటర్ల దాకా పోవచ్చు. పెద్ద కాలిన గాయాలలో ప్రాణాపాయం కలగడానికి ఇది ఒక ముఖ్యకారణం. 'మృత' అని తేలికగా తీసివేసిన పొరకు ఉన్న విలువ ఇంత.

రెండవది స్లైడు. పాఠశాల ప్రయోగశాలలో చూపే చర్మపు స్లైడులో శృంగస్తరం దట్టంగా కనిపించదు. సందుల మధ్య సందులతో, వదులుగా అల్లిన బుట్టలాగా కనిపిస్తుంది. దానిని చూసినవారికి ఇది దేనినైనా అడ్డగించగలదా అని సందేహం కలగడం సహజం. ఒకప్పుడు శాస్త్రజ్ఞులకు కూడా కలిగింది. అసలు అడ్డు ఈ పొరలో లేదనీ, దాని అడుగున ఉన్న సన్నని మండలంలో ఉన్నదనీ భావించినవారున్నారు.

ఈ భ్రమకు కారణం స్లైడును తయారుచేసే పద్ధతే. చర్మపు ముక్కను మైనంలో పొదగడానికి ముందు ఆల్కహాలులోను, జైలీనులోను ముంచుతారు. అవి ముక్కలోని నీటిని తీయడంతో ఆగక కొవ్వును కూడా కడిగివేస్తాయి. మిగిలేవి కొవ్వు పోయిన పలకలు, వాటి మధ్య ఖాళీలు. ఆ ద్రవాలలో ముంచకుండా, గడ్డకట్టించి కోసిన చర్మంలో పలకలు ఒకదానిపై ఒకటి చక్కగా పేర్చినట్లు కనిపిస్తాయి. అంటే, ఏ పదార్థం ఆ పొరను అడ్డుగోడగా చేస్తున్నదో దానినే తీసివేసి, ఇందులో అడ్డేమీ లేదని తీర్పు చెప్పినట్లయింది. పరికరంలో కనిపించినదంతా ప్రకృతిలో ఉన్నదే అనుకోరాదన్న పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కనుక స్లైడును పక్కన పెట్టనవసరం లేదు. దాని చరిత్రతోపాటు చూపాలి.

మూడవది పోలిక. మందులు చర్మం గుండా ఎట్లా చొరబడతాయో లెక్కగట్టడానికి 1975లో మైకేల్స్, చంద్రశేఖరన్, షా అనే పరిశోధకులు శృంగస్తరాన్ని ఇటుకల గోడతో పోల్చారు. తరువాత అమెరికాలో చర్మవైద్యుడు పీటర్ ఇలయాస్ 1983లో ఆ పోలికను విస్తరించాడు. కెరటిన్ నిండిన పలకలు ఇటుకలు. వాటి మధ్య ఉన్న కొవ్వు సున్నం. ఈ కొవ్వులో బరువును బట్టి సుమారు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్టరాల్. మిగతా దానిలో కొవ్వు ఆమ్లాలు ముఖ్యమైనవి.

ఈ పోలిక చేసిన మేలు గొప్పది. బలం ఇటుకలో మాత్రమే లేదు, సున్నంలో కూడా ఉన్నదని అది చూపింది. 'తోలు మందం' అనే లోకోక్తిని నమ్మితే మందం ఎక్కువైన చోట రక్షణ కూడా ఎక్కువ కావాలి. అరచేతిలో, అరికాలిలో శృంగస్తరం మిగతాచోట్ల కంటె ఎన్నో రెట్లు మందం. అయినా నీరు అక్కడినుంచే తేలికగా బయటపడుతుంది. అక్కడి పొరలో కొవ్వు పాలు తక్కువ. రాపిడికి తట్టుకోవడానికి ఇటుకలు కావాలి; నీటిని ఆపడానికి సున్నం కావాలి. ఈ రెండు పనులనూ విడదీసి చూపడం ఆ పోలిక సాధించిన విజయం.

అయినా గోడ పోలికలో మూడు లోపాలున్నాయి. మొదటిది, నిజమైన ఇటుకను కట్టాక అందులో మార్పు ఉండదు. శృంగస్తరపు పలకలో ఉంటుంది. ఫిలాగ్రిన్ అనే ప్రోటీను పలకలోనే విచ్ఛిన్నమై, తేమను పట్టి ఉంచే చిన్న అణువులుగా మారుతుంది. ఈ ప్రోటీను జన్యువులోని లోపాలు కొందరిలో పొడిచర్మపు వ్యాధికి, తామర వంటి చర్మశోథకు దారితీస్తాయని 2006లో డండీ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌లీన్ బృందం వెల్లడించింది. రెండవది, గోడ రాలితే పాడైనట్లే. చర్మం మాత్రం నియమం ప్రకారం రాలుతుంది. పలకలను బిగించే ప్రోటీను బందాలను ఎంజైములు పైవరసలలో కత్తిరిస్తాయి కనుక రోజూ కొన్ని పలకలు ఊడిపోతాయి. రెండు వారాలకు అటూ ఇటూగా పొర అంతా కొత్తదవుతుంది.

మూడవ లోపం అన్నిటికంటె ముఖ్యమైనది. గోడ తనకు తగిలిన దెబ్బను మేస్త్రీకి తెలుపలేదు, శృంగస్తరం తెలుపుతుంది. పైపొరలోని కొవ్వును తీసివేస్తే, కింది సజీవకణాలు తమలో నిలవ ఉన్న కొవ్వు రేణువులను కొద్ది నిమిషాలలోనే బయటికి వదలడం మొదలుపెడతాయి. ఆపైన కొత్త కొవ్వును తయారుచేస్తాయి. ఆ దెబ్బ తగిలిన చోట ఆవిరి పోకుండా పలుచని పొరను కప్పితే బాగుచేసే పని మందగిస్తుందని 1989లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో తేలింది. నీరు బయటికి పోవడమే కింది కణాలకు కబురు. చచ్చిన పొరకూ, బతికిన పొరకూ మధ్య ఇట్లాంటి సంభాషణ జరుగుతూ ఉంటే మొదటిదానిని చెత్తగా లెక్కించడం ఎట్లా?

ఇది పుస్తకాలకు పరిమితమైన తగవు కాదు. ఆరోగ్యమైన చర్మపు ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణం గలది. కొవ్వును సిద్ధపరిచే ఎంజైములకు ఆ ఆమ్లత అవసరం. మామూలు సబ్బు క్షారగుణం గలది కనుక మితిమీరి వాడితే కొవ్వునూ తీస్తుంది, ఆమ్లతనూ తగ్గిస్తుంది. గరుకు పీచుతో రోజూ గట్టిగా రుద్దడం దీనికి తోడైతే మరమ్మతుకు వ్యవధి ఉండదు.

నెలలు నిండకముందే పుట్టిన శిశువుల విషయంలో ఈ సంగతి ప్రాణంతో ముడిపడి ఉన్నది. వారికి ఈ పొర పూర్తిగా ఏర్పడి ఉండదు. నీరు బయటికి, సూక్ష్మజీవులు లోపలికి సులభంగా పోతాయి. ఢాకా శిశు ఆస్పత్రిలో 33 వారాలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె మృదువుగా పూసి చూడగా, ఆస్పత్రిలో సోకే అంటురోగాలు 41 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. నూనెలన్నీ ఒకటి కావు. ఎలుకల చర్మంపై ఆవనూనె మరమ్మతును ఆలస్యం చేసిందని అంతకుముందు 2002లోనే తెలిసింది. ఒక ఆస్పత్రి ఫలితాన్ని అంతటికీ సూత్రంగా తీసుకోరాదు. వైద్యుని సలహా తప్పనిసరి. కాని పసిబిడ్డ ఒంటిని 'మట్టి పోయేదాకా' రుద్దే అలవాటును పునరాలోచించడానికి ఇంతమాత్రం తెలిస్తే చాలు.

ఆ బిడ్డ ఒంటిని రేపు తాకే చేతులు నేడు తరగతిలో ఉన్న విద్యార్థులవే. కనుక బోధనలో చేయవలసిన మార్పు చిన్నదైనా అవసరమైనది. స్లైడు చూపేటప్పుడు 'ఈ ఖాళీలలో కొవ్వు ఉండేది, మనమే కడిగివేశాము' అని చెప్పాలి. గోడ బొమ్మ గీసేటప్పుడు దాని కింద పని మానని మేస్త్రీలను కూడా గీయాలి. మృతకణాలు అనే మాటను తీసివేయనక్కర లేదు. దాని పక్కన మరొక్క వాక్యం చేర్చాలి: కింది కణాలు పుట్టి, పెరిగి, మరణించేది ఆ పొరను నిర్మించడం కోసమే.