నీటివర్ణములలో మీనము

పుదుచ్చేరి పట్టణమునకు పడమట మూలకుళము అను పేట కలదు. తమిళమున కుళమనగా కొలను. పేరులోనే నీరు గల ఇట్టి చోట చేపల చిత్రములను గూర్చి తలచుకొనుట సహజము. 1816లో మన దేశమునకు వచ్చి, పుదుచ్చేరిలోని వృక్షోద్యానమునకు అధ్యక్షుడైన లెషనో అను ఫ్రెంచి పండితుడు ఈ ప్రాంతపు మత్స్యములను పారిసు నగరమునకు పంపెను. క్యువియే, వాలెన్సియెన్ అను శాస్త్రజ్ఞులు 1828 మొదలు 1849 వరకు 22 సంపుటములుగా వెలువరించిన మత్స్యశాస్త్రమున అవి చోటుచేసికొన్నవి. సారాయి సీసాలో మునిగి ఓడనెక్కిన చేపకు ఆకారము మిగులును, పొలుసుల లెక్క మిగులును; రంగు మిగులదు. ఆ లోటు తీర్పవలసినది చిత్రకారుని కుంచె. అది ఆ పనిని ఎంతవరకు తీర్చినదో విచారింతము.

మంచినీటి చేపను నీటిరంగులలో వ్రాయుట తేలికయని తోచును. కాని అట్లు కాదు. పరిగె మేని వెండివన్నె నిజమునకు రంగు కాదు, చుట్టునున్న వెలుగును తిప్పికొట్టు అద్దము. దానికి సరిపోవు రంగు చిత్రకారుని పళ్లెరమున లేదు. కాగితపు తెలుపును తాకక విడిచి, దాని ప్రక్కన లేత నీలిబూడిద ఛాయను నిలిపినప్పుడే ఆ మెరుపు పుట్టును. ఈ విద్యలో పూయుటకంటె విడిచిపెట్టుట కష్టము. మరియొక చిక్కు కలదు. చేపకు వీపు నల్లన, కడుపు తెల్లన. పైనుండి పడు వెలుగును, క్రింద కమ్ము నీడను సరిపుచ్చి శత్రువు కంటికి కానరాకుండుటకై ప్రకృతి చేసిన ఏర్పాటది. గుండ్రదనము చూపవలెనని కడుపు క్రింద నీడను దట్టముగా పూసిన చిత్రకారుడు చేపను బల్లపై పెట్టినవాడగును. నీటిలో విడిచినవాడు కాడు.

విష్ణుధర్మోత్తరపురాణములోని చిత్రసూత్రము, నిద్రించువానిని చైతన్యముతోను, మృతుని చైతన్యహీనునిగను వ్రాయగలవానినే చిత్రవిదుడని మెచ్చుకొన్నది. మత్స్యచిత్రకారుని పరీక్ష ఇంతకంటె కఠినము. అతని ఎదుట నున్నది తరచు మృతమైన చేప. అతడు చూపవలసినది బ్రదికిన చేప.

ఈ దృష్టితో మన విశాఖపట్టణపు గ్రంథమును చూతము. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780వ దశకమున అచ్చట నివసించి, రెండువందల చేపల వర్ణనములను, చిత్రములను సిద్ధపరచెను. అవి 1803లో లండనులో రెండు సంపుటములుగా అచ్చయినవి. అందలి చేపలు చాలవరకు సముద్రమునకు చెందినవే. చిత్రములు భారతీయ చిత్రకారుని చేతివి. రెక్కలు విప్పి, ప్రక్కవాటుగా నిలిపిన ఆ మూర్తులందు రేఖ నిశ్చితము, పరిశీలనము శ్రద్ధాళువు. కాని చెక్కుడు ఫలకములలో రంగు లేదు. నీరు అసలే లేదు. శాస్త్రమునకు ఇది చాలును గదా యని అనవచ్చును. గుర్తుపట్టుటయే ప్రయోజనమైనచో చాలును. కాని వన్నె కూడ ఒక గుర్తే. దానిని విడిచిన చిత్రము శాస్త్రదృష్టిచేతను అసంపూర్ణమే.

ఆ గ్రంథపు గొప్ప గుణము వేరొకటి కలదు. రస్సెల్ జాలరుల నోటి తెలుగు పేర్లను విని, చిత్రముల క్రింద నిలిపెను. మన వాలుగ ఆ విధముగనే పండితలోకమున ప్రవేశించి, 1851లో బ్లీకర్ ఏర్పరచిన ప్రజాతికి వల్లాగో అను పేరైనది. చేప పేరు ఖండాంతరములకు పోయినది. దానిని వ్రాసిన చిత్రకారుని పేరు మాత్రము మనకు దక్కలేదు.

గంగానది చేపలపై ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గ్రంథమును దీనితో పోల్చుట మంచిది. రోహిత, కట్ల వంటి దేశీయనామములు అందుండియే శాస్త్రనామములైనవి. ఆయనకు చిత్రములు వ్రాసిన వంగదేశీయుడు హాలుదారు పేరు నేటికిని నిలిచియున్నది. పేరు తెలిసినచో చిత్రమున నొక మనిషి చూపు కానవచ్చును. తెలియనిచో అది యంత్రము చేసినదని లోకము భ్రమించును. ఇది కేవలము కృతజ్ఞతకు సంబంధించిన విషయము కాదు, విమర్శకు సంబంధించినది. ఎవరి కన్ను చూచినదో ఎరుగక ఏమి చూచినదో పూర్తిగా నిర్ణయింపలేము.

నేడు ఛాయాగ్రహణము ఉండగా ఈ శ్రమ ఏల అని అడుగువారు కలరు. యంత్రము ఒక్క చేపను ఒక్క క్షణమున పట్టును. చిత్రకారుడు పదింటిని చూచి, జాతికి చెందిన లక్షణమును నిలిపి, ఆ ఒక్కదాని గాయమును, చిరిగిన రెక్కను విడుచును. ఏది విడువవలెనో తెలిసికొనుటయే వివేకము. నీటిరంగు నేర్పునదియు అదియే.

మూలకుళమునుండి యానాము వరకు ఒకే పాలనలో నున్నను, ఇచ్చటి చెరువు వేరు, అచ్చటి గోదావరి వేరు. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, పులస ఒక్కొక్కటియు ఒక్కొక్క నీటి వన్నె. మన చిత్రకారుడు అంగడి బల్లను విడిచి గట్టునకు పోయి, వల నీరు విడిచిన క్షణమున వాని వన్నెను పట్టవలెను. చిత్రము క్రింద చేప పేరు తెలుగున వ్రాయవలెను. దాని ప్రక్కన తన పేరును వ్రాయుట మరువరాదు.