రేవును చూచే కన్ను

ఇంగ్లండు నైరృతి కొసన, కార్న్‌వాల్ తీరంలో సెంట్ ఐవ్స్ అనే చేపల రేవు ఉన్నది. పిల్చర్డ్ అనే చిన్నచేప ఒకప్పుడు ఆ ఊరికి కూడు పెట్టేది. 1877లో అక్కడికి రైలు వచ్చింది. చేప తగ్గినకొద్దీ వేసవి విడిదికి వచ్చేవారు పెరిగారు. అలా వచ్చిన ఒక కుటుంబంలోని పిల్ల వర్జీనియా ఉల్ఫ్. 1894 వరకు ఆమె బాల్యపు వేసవులు అక్కడే గడిచాయి. 1927లో వెలువడిన ‘టు ది లైట్‌హౌస్’ నవలలో కథాస్థలం పేరుకు స్కాట్లండులోని స్కై దీవి. ఆ అఖాతమూ, ఆ దీపస్తంభమూ మాత్రం సెంట్ ఐవ్స్‌వే.

ఈ నవలను చైతన్యస్రవంతికి ఉదాహరణగా చదవడమే పరిపాటి కావడంచేత, అందులో ఒక రేవు ఉన్నదన్న సంగతి మరుగునపడింది. మొదటి భాగంలో శ్రీమతి రాంసే రేవుకట్ట మీద బొమ్మ వేస్తున్న ఒకాయనను చూస్తుంది. మూడేళ్ల క్రితం ఒక చిత్రకారుడు వచ్చి వెళ్లినప్పటినుంచి అక్కడ అందరి బొమ్మలూ ఒకే తీరు: బూడిద, ఆకుపచ్చ వన్నెలు, నిమ్మపండు రంగు పడవలు, ఇసుక మీద గులాబివన్నె స్త్రీలు. రేవు దృశ్యంగా మారిన ఘట్టమిది. చేపలకు బదులు వన్నెలు ఎగుమతి అవుతున్నాయి కాబోలు!

చివరి భాగంలో పడవ నడిపే మెకాలిస్టరు వెంట ఉన్న కుర్రవాడు ఒక చేప పక్కనుంచి చదరపు ముక్క కోసి గాలానికి ఎరగా గుచ్చి, ఇంకా ప్రాణమున్న చేపను నీటిలోకి విసరివేస్తాడు. రచయిత్రి ఈ సంగతిని ఒక చిన్న ప్రకరణంగా విడదీసి, కుండలీకరణాల్లో బంధించింది. దీనిని శిల్పచమత్కారమంటే చాలదు. విడిదికి వచ్చినవారి చైతన్యంలోకి జాలరి పని ప్రవేశించగల మేర అంతే. ఆ మేరను ఆమె దాచలేదు. అయితే దాటనూ లేదు. మెకాలిస్టరు చెప్పే ఓడల మునక కథ రాంసేగారి మనోవ్యథకు వంతపాటగానే మిగిలింది. అతని ఇంటి పొయ్యి నవలలో ఎక్కడా కనిపించదు.

ఆ మేరకు అవతల నిలిచినవాడు అదే ఊరి ఆల్ఫ్రెడ్ వాలిస్. సముద్రం మీద బ్రతికి, డెబ్బయ్యేళ్లకు చేరువై కుంచె పట్టి, అట్టముక్కల మీద పడవలకు పూసే రంగుతో ఓడలు చిత్రించాడు. 1928లో బెన్ నికల్సన్, క్రిస్టఫర్ వుడ్ అతనిని గుర్తించారు. 1942లో పేదల ఆశ్రమంలో మరణించాడు. 1993లో టేట్ చిత్రశాల అక్కడ వెలిసింది. 2016లో ఊరివారు, కొత్తగా కట్టే ఇళ్లు స్థిరనివాసులకే చెందాలని వోటు వేయవలసివచ్చింది.

విశాఖ–భీమిలి తీరపథాన కథ రాసే తెలుగు రచయితకు సూర్యోదయం సులభంగానే దొరుకుతుంది. వల ఎవరిది, అప్పు ఎవరిది, వేలంపాటలో చేప ఎంతకు పోయింది అన్న లెక్క దొరకదు. ఉల్ఫ్ దానిని కుండలీకరణాల్లోనైనా ఉంచింది. ఇక్కడి కథల్లో చాలావాటిలో అదీ లేదు.