తీగలేని ప్రేరణ, తీగ కట్టిన మొక్క

రేడియో తరంగాలు ప్రాణులపై ఏమైనా పనిచేస్తాయా అన్న ప్రశ్నను మన దేశంలో ప్రయోగశాలకు తీసుకువెళ్లిన తొలివారిలో జగదీశ్ చంద్రబోస్ ఒకరు. 1895లో కలకత్తా టౌన్ హాలులో, అతి తక్కువ తరంగదైర్ఘ్యం గల విద్యుదయస్కాంత తరంగాలతో దూరాన ఉన్న గంటను మోగించి, తుపాకి మందును పేల్చి చూపిన శాస్త్రవేత్త ఆయన. తరువాత ఆయన దృష్టి మొక్కల వైపు మళ్లింది. ఈ రెండు ఆసక్తులూ కలిసిన చోటు, తీగలేని ప్రేరణకు మొక్కల ప్రతిస్పందనను గురించి 1919లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం. సెల్‌ఫోను మన మెదడును, ప్రవర్తనను ఏం చేస్తుందోనన్న వాదన నడుస్తున్న ఈ కాలంలో ఆ వ్యాసాన్ని మళ్లీ చదవాలి. గౌరవంతోనే, కాని పరీక్ష పేపరు దిద్దే కళ్లతో.

ప్రయోగం జరిగింది కలకత్తాలో 1917 నవంబరు 30న బోస్ ప్రారంభించిన విజ్ఞాన మందిరంలో. ఆవరణ ఎంత ఉంటే అంత దూరం, అంటే సుమారు 200 మీటర్ల ఎడంలో రెండు ఏరియల్స్ నిలబెట్టారు. ఒక్కొక్కటి 10 మీటర్ల ఎత్తు. ఒక వైపు ప్రేరణ చుట్టతో విద్యుత్ రవ్వలు పుట్టించి తరంగాలను పంపారు. రెండో వైపు ఏరియల్ కింది కొసను సన్నని తీగతో కుండీలోని మొక్కకు కలిపి, కుండీని ఎర్త్ చేశారు. మొక్క పెరుగుదలను కొలిచింది బోస్ స్వయంగా తయారు చేసిన క్రెస్కోగ్రాఫ్. ఇందులోని ఉపాయం ముచ్చటైనది. మొక్క ఎంత వేగంతో పైకి పెరుగుతుందో సరిగ్గా అంతే వేగంతో దాన్ని కిందికి దించుతూ ఉంటే, పలకపై గీత అడ్డంగా సాగిపోతుంది. పెరుగుదలలో రవ్వంత మార్పు వచ్చినా గీత పైకో కిందికో వంగుతుంది. బలహీనమైన ప్రేరణ పెరుగుదలను వేగవంతం చేసిందనీ, బలమైన ప్రేరణ మందగింపజేసిందనీ బోస్ ప్రకటించారు.

ఇప్పుడు ఆ అమరికను మరొకసారి చూడండి. తీగలేని ప్రేరణ అని పేరు; మొక్కకు మాత్రం తీగ ఉంది! ఏరియల్ నుంచి భూమికి పోయే విద్యుత్తుకు ఆ మొక్కే దారి. పది మీటర్ల లోహపు తీగ పోగుచేసిన శక్తి అంతా సన్నని కాండం గుండా ప్రవహించింది. విద్యుత్ ఘాతానికి మొక్కలు స్పందిస్తాయని బోస్ అంతకు ముందే చూపి ఉన్నారు. కాబట్టి గీత వంగినది గాలిలోని తరంగాల వల్లనా, కాండంలోని విద్యుత్తు వల్లనా? ఈ అమరిక ఒక్కదానితో ఆ రెంటినీ విడదీయలేము. బోస్ ఈ తీగను దాచలేదు, స్పష్టంగా వర్ణించారు. నేటి పాఠకుడు ఆయన్ను విమర్శించగలుగుతున్నది ఆ నిజాయితీ వల్లనే. కాని ‘వందేళ్ల కిందటే బోస్ నిరూపించారు’ అంటూ ఆ వ్యాసాన్ని సెల్ టవర్లకు వ్యతిరేకంగా సాక్ష్యానికి పిలవడం మాత్రం సరికాదు. పది మీటర్ల ఏరియల్‌ను బట్టి నేను వేసిన అంచనా ప్రకారం ఆయన తరంగాల పౌనఃపున్యం 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉండాలి. సెల్‌ఫోన్ల 900 మెగాహెర్ట్జ్ దానికి వంద రెట్లకు పైన.

ఆ సెల్‌ఫోను కూడా మన దేశంలో మొదట మోగింది కలకత్తాలోనే. 1995 జూలై 31న రైటర్స్ బిల్డింగ్స్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. బోస్ కుండీ స్థానంలోకి అప్పటినుంచి మన తల వచ్చింది.

భౌతికశాస్త్రం ఇక్కడ కొంత ధైర్యం చెబుతుంది. 900 మెగాహెర్ట్జ్ వద్ద ఒక ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతులు నాలుగు కూడా ఉండదు. మన శరీరపు వేడి వల్ల అణువులకు సహజంగా ఉండే కదలిక శక్తి ఇంతకు సుమారు ఏడు వేల రెట్లు. కనుక ఎక్స్ కిరణాల మాదిరిగా రసాయన బంధాలను తెంచడం ఈ తరంగాల వల్ల కాదు. అయితే ఇంతటితో కథ ముగిసిందనడమూ తొందరపాటే. మైక్రోవేవ్ స్పందాలు తలకు తగిలినప్పుడు చెవిలో టిక్కుటిక్కుమనే శబ్దం వినిపిస్తుందని 1960వ దశకం మొదట్లో అమెరికాలో అలన్ ఫ్రే చూపారు. ఇది భ్రమ కాదు. కణజాలం క్షణకాలం అతి స్వల్పంగా వేడెక్కి వ్యాకోచించడం వల్ల పుట్టే ఒత్తిడి తరంగం అని తరువాత తేలింది. ప్రభావం ఉంది, దానికి కారణమూ దొరికింది. మిగిలినవాటి సంగతి ఇంత తేటగా లేదు.

2011లో నోరా వోల్కో బృందం 47 మందికి చెవి వద్ద ఫోను పెట్టి, శబ్దం రాకుండా 50 నిమిషాలు పనిచేయనిచ్చి, మెదడు గ్లూకోజు వినియోగాన్ని కొలిచింది. ఏంటెన్నాకు దగ్గరి భాగంలో అది 7 శాతం పెరిగింది. పత్రికలు దీనిని పెద్ద అక్షరాల్లో వేశాయి. అదే సంవత్సరం ఫిన్లాండులో 13 మంది యువకులపై 33 నిమిషాల ప్రయోగం జరిగింది. అక్కడ గ్లూకోజు వినియోగం తగ్గింది! దిశే కుదరనప్పుడు దానిమీద ప్రమాదమనో క్షేమమనో కట్టడం ఇసుక మీద గోడ కట్టడమే.

ప్రవర్తన సంగతికి వస్తే చిక్కు ఇంకా ఎక్కువ. డెన్మార్కులో 13,159 మంది పిల్లలను ఏడేళ్ల వయసులో పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భంలోనూ పుట్టిన తరువాతా ఫోనుకు గురైన పిల్లల్లో ప్రవర్తన సమస్యల సంభావ్యత 1.8 రెట్లుగా కనబడింది. మరింత మంది పిల్లలను చూసినప్పుడు అది 1.5కు దిగింది. తల్లి చెవి దగ్గరి ఫోను నుంచి గర్భస్థ శిశువుకు చేరే తరంగశక్తి అత్యల్పం. ఫోను వాడకం ఎంతో చెప్పినది ఏళ్ల తరువాత తల్లి జ్ఞాపకం. అన్నిటికంటే ముఖ్యం, ఫోనులో ఎక్కువసేపు మాట్లాడే ఇంట్లో పిల్లవాడితో ఎంతసేపు మాట్లాడుతున్నారు అన్నది. ఇక్కడా గాలిలోని తరంగం ఏదో, తీగలోని విద్యుత్తు ఏదో విడదీయలేదు.

తమకు ఈ తరంగాలు తెలుస్తాయని, తలనొప్పి వస్తుందని చెప్పేవారిపై జరిగిన 31 ప్రయోగాలను, మొత్తం 725 మందిని, 2005లో ఒకచోట చేర్చి చూశారు. ఎప్పుడు తరంగం ఉందో ఎప్పుడు లేదో వారు చెప్పగలిగారనడానికి గట్టి ఆధారం దొరకలేదు. వారి తలనొప్పి అబద్ధమని దీనికి అర్థం కాదు. కారణం వేరొకటి కావచ్చునని మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 2024లో వెలువడిన సమీక్షలలోనూ మెదడు కేన్సరుతో గాని, ఆలోచనా సామర్థ్యపు తగ్గుదలతో గాని సంబంధం కనబడలేదు.

ఇంతవరకు చదివి ‘బలహీన క్షేత్రాలు ప్రవర్తనను ఎన్నటికీ మార్చలేవు’ అనుకునేవారికి జర్మనీ పిట్టల ప్రయోగం చూపాలి. ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చెక్క గదుల్లో ఉంచిన రాబిన్ పిట్టలు వలస కాలంలో భూఅయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని దిక్కు తెలుసుకోలేకపోయాయి. గదులను అల్యూమినియం రేకుతో కప్పి ఆ రేకును ఎర్త్ చేయగానే సరైన దిక్కుకు తిరిగాయి. ఎర్త్ తీగ ఊడదీస్తే మళ్లీ తికమక. తీగ ఉందో లేదో పిట్టలను గమనించేవారికి తెలియనివ్వలేదు. ఏడేళ్లు ఇలా చూసి 2014లో ‘నేచర్’లోనే ప్రచురించారు. కలకత్తా కుండీకి కట్టిన ఎర్త్ తీగ మొక్కనే వలయంలో భాగం చేసి సందేహం మిగిల్చింది. ఓల్డెన్‌బర్గ్ గోడకు కట్టిన ఎర్త్ తీగ ఒక్క కారణాన్ని మాత్రమే మార్చి సందేహం తీర్చింది.

అయితే ఆ పిట్టలను తికమక పెట్టినది 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ వరకు ఉండే విద్యుదయస్కాంత రొద, అంటే ఏఎమ్ రేడియో, ఇళ్లలోని ఎలక్ట్రానిక్ పరికరాలు వదిలేది. సెల్ టవర్ల పౌనఃపున్యం కాదు. 2018 నాటి ‘2.0’ చిత్రంలో మాదిరి పిట్టలు చచ్చిపడలేదు కూడా. దిక్కు మాత్రం తప్పాయి. వాటి కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీను మీద శాస్త్రవేత్తలకు అనుమానం. కాని ఇంత బలహీనమైన రొద ఆ అణువును ఎలా కదిలిస్తుందో లెక్క కట్టబోతే, ఆ లెక్క ఇప్పటికీ సరిగా కుదరడం లేదు.