పీపా అడుగున ఊరిన రుచి

గోధుమ సరిపడని యుదరము గలవారు చపాతీని, పూరీని, బొంబాయి రవ్వ ఉప్మాను, రొట్టెను విడిచిపెట్టి, ఇంక మాకు భయము లేదని ధైర్యము తెచ్చుకొనిన పిమ్మట, ఒకనాటి సాయంకాలము వీథి మొగనున్న బండి కడ ఫ్రైడ్‌రైసు తిని, అది బియ్యమే కదా యని నిశ్చింతగా నింటికి వచ్చి, ఆ రాత్రి యంతయు కడుపుబ్బరముతోను నొప్పితోను వేగిన వృత్తాంతములు నేను పలుమాఱు వినియున్నాను. బియ్యము చేసిన యపరాధ మేమియు లేదు. వంటవాడు దానిపై చిలుకరించిన నల్లని సోయా సాసులో గోధుమ దాగియున్నది. జపానులో నిత్యవ్యవహారమున నున్న షోయును సోయా గింజలను, గోధుమలను ఇంచుమించు సమభాగములుగ కలిపి పులియబెట్టి తీయుదురు. పేరు మాత్రము సోయాకే దక్కినది. పేరును నమ్మి తిన్నవారు కష్టపడుట వింత గాదు.

గోధుమ, యవలు, రై యను ధాన్యములందు గ్లూటెన్ అను మాంసకృత్తుల సముదాయము కలదు. పిండిని తడిపి మర్దించినపుడు దానికి సాగుగుణము నిచ్చునది, రొట్టె పొంగునపుడు వాయువును బంధించి నిలుపునది ఇదియే. సీలియాక్ వ్యాధి గలవారి కడుపులోనికి ఇది చేరగనే దేహరక్షణవ్యవస్థ శత్రువు వచ్చెనని భ్రమించి తన చిన్నప్రేగు గోడనే గాయపఱచుకొనును. ఆహారసారమును పీల్చుకొను ఆంత్రచూషకములు అణగి చదునై, ఎంత తిన్నను ఒంటబట్టని దుస్థితి యేర్పడును. ఈ రోగమునకును గోధుమకును గల సంబంధమును వెల్లడించిన వాడు విల్లెం కారెల్ డికె యను డచ్చి శిశువైద్యుడు. 1950వ సంవత్సరమున ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసము ఈ చికిత్సకు పునాది. సీలియాక్ లేకయే గోధుమ పడనివారును కలరు. వారిలో కొందఱిని బాధించునది గ్లూటెన్ గాక, గోధుమలోను ఉల్లి వెల్లుల్లులలోను ఉండు ఫ్రక్టాన్లను పిండిపదార్థము. ఈ భేదము వంటింటిలో మిక్కిలి ప్రయోజనకారి కాబట్టి దీనిని మరల ప్రస్తావింతును.

ఈనాటి యంగళ్లలో గ్లూటెన్ రహితమను చీటీతో కానవచ్చు తమారి యను సాసును చూచి, ఇది రోగుల కొఱకు నిన్న మొన్న కల్పించిన ప్రత్యామ్నాయమని తలచువారు పెక్కుమంది. సత్యము దీనికి విపరీతము. షోయులో గోధుమకు సగపాలు దక్కుటకు ముందే తమారి జాతి ద్రవము జపానులో నుండెను. పదమూడవ శతాబ్దమున చీనాదేశమునకు పోయి, 1254లో స్వదేశమునకు మరలివచ్చిన కకుషిన్ అను జెన్ భిక్షువు అచటి యాశ్రమములందు నేర్చిన మిసో యను పులిసిన సోయాముద్ద తయారీని కీ సీమలో ప్రచారము చేసెననియు, యువాసా గ్రామమున ఆ మిసో పీపాల యందు ఊరి నిలిచిన ద్రవము రుచికరముగ నుండుట జనులు గ్రహించిరనియు పరంపరగా చెప్పుకొందురు. ఆ మిసోలో యవలు మొదలగు ధాన్యములును చేరును గాన ఆ తొలి ద్రవము మన ప్రయోజనమునకు పనికిరాదు. అయినను ఊటను పోగుచేసికొనుట యను నుపాయము అచట నుండియే వచ్చినదందురు. జపానుభాషలో తమారు అనగా ద్రవము చేరి నిలుచుట. మూడవనాడు ఆవకాయ జాడీ మూత తీసినపుడు పైకి తేలిన ఊటను చూచిన తెలుగువారికి ఈ మాట యర్థమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

కేవలము సోయా గింజలనే నమ్ముకొనిన సంప్రదాయము నిలిచిన తావు మధ్య జపానులోని ఐచి, మియె, గిఫు సీమలు. ఒకజాకి కోటకు పడమర ఎనిమిది చో, అనగా సుమారు 870 మీటర్ల దూరమున నున్న హచ్చో పేటలో నేటికిని గింజలు, ఉప్పు, నీరు మాత్రమే చేర్చి మిసో చేయుచున్నారు. ఆఱు టన్నుల మిసో పట్టు చెక్క పీపాపై మూడు టన్నుల నదీశిలలను గోపురము వలె పేర్చి, రెండు వేసవులు రెండు శీతకాలములు కదలక ఉంచుదురు. ఆ సీమలోనే, చిత ద్వీపకల్పమునందలి తకెతోయో వంటి పట్టణములందు, తమారి వృత్తి జీవించియున్నది.

దాని విధానము వినదగినది. గింజలను నానబెట్టి, ఆవిరిపై మెత్తగా నుడికించి, నలిపి, ఉసిరికాయంత యుండలుగా చుట్టుదురు. ఉండలెందుకని అడుగవచ్చును. ఉడికిన సోయా గింజలో మాంసకృత్తులును తేమయు హెచ్చు. అట్టి ముద్దను పోగుగా వదలినచో అది కుళ్లును. ఉండగా చుట్టినపుడు వెలుపల గాలి తగులుచోట కోజి యను ఉపకారియైన బూజు పెరుగును. లోపల గాలి చొరని చోట పెరుగును తోడుపెట్టు జాతి సూక్ష్మజీవులు వృద్ధియై పులుపును పుట్టించి చెడు క్రిములను రానీయవు. రెండు సైన్యములు ఒకే యుండను లోపల నొకటి, వెలుపల నొకటి కాచుచున్నవి. సూక్ష్మదర్శిని లేని కాలమున గ్రామీణులు కనుగొనిన యీ యుపాయమును తలచినపుడు నాకు కలుగు గౌరవమింతింత గాదు. ఈ బూజు జాతిని 2006లో జపాను కిణ్వశాస్త్రజ్ఞుల సంఘము జాతీయ శిలీంధ్రముగా ప్రకటించినది. అట్టి గౌరవమున కది సర్వవిధముల తగినది.

మూడు నాలుగు దినములలో బూజు పట్టిన యుండలను సుగి యను జపాను వృక్షపు చెక్కతో కట్టిన పీపాలలో నింపి, ఉప్పునీరు పోయుదురు. ఇచటనే తమారికిని తక్కిన షోయులకును పెద్ద భేదము. సామాన్య షోయుకు ఉప్పునీరు సరకు కొలతను మించియుండును. తమారికి గింజల కొలతలో సగము మొదలు సమానము వఱకు మాత్రమే. నీరెంత తక్కువయైన సారమంత చిక్కన. కాని ఆ చిక్కదనముచేత పీపాను తెడ్డుతో కలుపుట కుదరదు. అందుచే నడుమ నొక గొట్టమును నిలిపి, పైన ఱాళ్ల బరువు పెట్టి, గొట్టములో ఊరిన ద్రవమును గరిటెతో తోడి మరల పైన పోయుచుందురు. ఆ ద్రవము ఱాళ్ల సందులగుండ దిగి, ముద్దనంతయు తడిపి, అడుగునకు చేరి, మరల గొట్టములో ఊరును. ఈ తోడుటయు పోయుటయు ఒక సంవత్సరము మొదలు మూడు సంవత్సరముల వఱకు సాగును. తుదకు పీపా యడుగున నున్న రంధ్రమును తెఱచి, పిండకయే తనంతట జాఱిన ద్రవమును పట్టుకొందురు. అదియే ఉత్తమమైన తమారి.

గోధుమను చేర్చుట దోషమని నేననను. గోధుమలోని పిండి చక్కెరగా మాఱి, ఆ చక్కెరను తిని మధుశిలీంధ్రములు సుగంధమును పుట్టించును. మూతతీయగనే ముక్కునకు తగులు షోయు పరిమళ మదియే. నోదా, చోషి పట్టణముల సోయా సాసు ఎడో నగర జనులను వశపఱచుకొనుటకును, క్రమముగా దేశమంతట వ్యాపించుటకును అదియు నొక కారణము. తమారిలో ఆ పరిమళము మందము. దానికి బదులుగ గింజల మాంసకృత్తులు విఱిగి ఏర్పడిన అమైనో ఆమ్లముల సంపద అధికము. కికునయె ఇకెద యను ఆచార్యుడు 1908లో కొంబు యను సముద్రపు నాచునుండి వేఱుచేసి ఉమామి యని పేరుపెట్టిన రుచికి మూలమైన గ్లుటామిక్ ఆమ్లము దీనిలో పుష్కలము. నాసికకు షోయు, నాలుకకు తమారి యని నా తీర్పు. వేడి తగిలినపుడు ఎఱ్ఱని నిగనిగ నిచ్చుటలో తమారిదే పైచేయి. అందుచేతనే సెంబే యను బియ్యపు బిళ్లలపై దీనిని పూసి కాల్చుదురు.

అయితే తమారి యను పేరు చూచినంతనే నిశ్చింత పడరాదు. జపాను ప్రమాణముల ప్రకారము తమారిలో కొలదిపాటి గోధుమ యున్నను ఆ పేరు చెల్లును. సంప్రదాయముగ ఉండలపై బూజు విత్తనమును చల్లునపుడు వేయించిన యవల పిండితో కలిపి చల్లు నాచారమును కలదు. పరిమాణము స్వల్పమే గాని సీలియాక్ రోగికి ఆ స్వల్పమే చాలును. పులిసినందువలన గోధుమ మాంసకృత్తులు ముక్కలగునే, ఇంక హానియేమి యని కొందఱు వాదింతురు. ముక్కలైనవానిని సామాన్య పరీక్షలు సరిగా పట్టలేవు. పరీక్షకు చిక్కనంతమాత్రమున ప్రేగునకు తగులదని యర్థము గాదు. కావున సరకుల పట్టికలో గోధుమ గాని యవలు గాని లేకుండుటయు, గ్లూటెన్ రహితమను ముద్ర యుండుటయు రెండును చూడవలెను. ఆ ముద్రకు మన దేశముననేమి, అంతర్జాతీయ కోడెక్స్ నియమముననేమి, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించని గ్లూటెన్ అను హద్దు కలదు.

ఇక సుకుమారమైన కడుపునకు తగిన సాసు. జపాను సాసనగనే పలువురికి టెరియాకి తోచును. విదేశములలో దానికి వెల్లుల్లిని, తేనెను దట్టించి మూలస్వరూపమును మఱపించిరి. నేను చెప్పబోవునది బెక్కో-ఆన్ అనునది. బెక్కో యనగా తాబేటి డిప్ప. ఆన్ అనగా చిక్కని సాసు. డిప్పవలె గోధుమవన్నెతో పారదర్శకముగ మెఱయును గాన ఆ పేరు. వన్నెయే గాని గోధుమ లేదు!

దీనికి చిక్కదనము నిచ్చునది కుజు. నారా సీమలోని యోషినో దీనికి ప్రసిద్ధి; శీతకాలమున అడవితీగ దుంపలను త్రవ్వి, దంచి, చన్నీటిలో మరల మరల కడిగి, అడుగున పేరిన తెల్లని పిండిని ఆరబెట్టి తీయుదురు. జలుబు చేసినను, కడుపు చెడినను జపాను తల్లులు ఈ పిండిని వేడినీట కాచి త్రాగింతురు. మన ఆయుర్వేదము విదారీకందమనియు, తెలుగువారు నేలగుమ్మడి యనియు పిలుచు తీగ దీనికి సజాతీయము. కుజు దొరకనిచో విచారింప బనిలేదు. విరేచనములైన పిల్లలకు మన యమ్మమ్మలు కాచిపోసిన పాలగుండ ఆ పనిని చక్కగ నెఱవేర్చును.

తీపికి మిరిన్. జిగురుబియ్యము, బియ్యపు కోజి, షోచు యను మద్యము కలిపి నెలలతరబడి మాగబెట్టగా వచ్చు తియ్యని ద్రవమిది. తమారికి పొరుగుననే, ఐచిలోని మికవ ప్రాంతమున, దీని వృత్తియు వర్ధిల్లుచున్నది. జిగురను మాటకు భయపడరాదు. ఏ బియ్యములోను గ్లూటెన్ లేదు. మిరిన్‌లో నూటికి సుమారు 14 పాళ్లు మద్యసారముండును గాన, అది వలదనువారు బదులుగ చెంచాడు చక్కెరయు కొంచెము నీరును వాడుకొనవచ్చును.

ముందుగ లీటరు నీటిలో 10 గ్రాముల కొంబు నాచును రాత్రియంతయు నానబెట్టి, మఱునాడు సన్ననిసెగపై వేడిచేసి, తెర్లుటకు ముందే నాచును తీసివేయవలెను. తెర్లినచో జిగటయు చేదును దిగును. ఇది దాషి. పొట్లములలో దొరకు దాషి పొడులందు గోధుమ షోయు కలియుట కలదు గాన ఈ శ్రమకు వెనుదీయరాదు. పిమ్మట గిన్నెలో 30 మిల్లీలీటర్ల మిరిన్ పోసి ఒక నిమిషము మరగనిచ్చి మద్యపు ఘాటును పోగొట్టి, 200 మిల్లీలీటర్ల దాషిని, 30 మిల్లీలీటర్ల తమారిని చేర్చవలెను. 10 గ్రాముల కుజును ఇరుమడి చన్నీటిలో ఉండలు లేకుండ కరగించి, సాసు తెర్లుచుండగా సన్నని ధారగా పోయుచు, గరిటె ఆపక త్రిప్పవలెను. మొదట పాలవలె మసకబాఱును. ఆ మసక చూచి దించివేయుట సామాన్యముగ జరుగు పొరపాటు; మఱి రెండు నిమిషములు త్రిప్పగా మసక విడి అద్దమువలె తేటపడును, పచ్చిపిండి వాసన పోవును. పాలగుండ వాడినవారు మాత్రము తేటపడగనే దింపవలెను. హెచ్చుసేపు కాగినచో అది మరల పలచబడును. చివర నాలుగు చుక్కల అల్లపురసము. మెత్తని టోఫుపై గాని, ఆవిరిపై ఉడికిన చేపపై గాని, జారుగా వండిన యన్నముపై గాని వేడిగా పోసికొనవలెను.

ఉల్లి వెల్లుల్లులు ఇందు లేకుండుట ఫ్రక్టాన్లు పడనివారికి గొప్ప యుపకారము. తమారిలో ఉప్పు హెచ్చు గనుక రక్తపుపోటు గలవారు కొలత తగ్గింపవలెను. సోయా పడనివారికి ఇది తగనే తగదు. మఱియొక మాట ముఖ్యమైనది: గోధుమ సరిపడుట లేదని యనుమానము కలిగినవారు దానిని మానుటకు ముందే వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించుకొనవలెను, మానిన తర్వాత చేయు పరీక్ష రోగమున్నను లేదని చూపవచ్చును.

మన వంటింటనే మార్కెట్టు ఇంగువలో పలుమాఱు గోధుమపిండి కలిసియుండును; ఆ విషయ మెఱుగక చారు పోసి అతిథిని బాధించిన గృహిణుల ప్రేమలో లోపమేమియు లేదు. కావున మీ యింటికి వచ్చిన చుట్టము భోజనమునకు కూర్చుండి, ఇందులో ఏమేమి వేసితిరని అడిగినచో తప్పుపట్టకుడు. లోనికి పోయి, సీసాను, ఇంగువ డబ్బాను తెచ్చి చేతికిండు.