జస్ట్, మైనర్, పెట్టీ

ఉక్కునగరంలో ఒక సాహిత్య సమావేశం. అందరం పరిచయాలు చెప్పుకుంటున్నాం. "నేను జస్ట్ హౌస్‌వైఫ్‌నండీ" అందొకావిడ. తర్వాత ఆమె చదివిన కథే ఆ రోజు విన్నవాటిలో బలమైనది. ఇంటికొచ్చాక కూడా ఆ 'జస్ట్' నన్ను వదల్లేదు. 'ఏదో', 'ఊరికే' అని తెలుగులోనూ తగ్గించుకుంటాం. కానీ ఇంగ్లీషు మాటకి ఆఫీసు ముద్ర పడినట్టుంటుంది, ఎదురు చెప్పబుద్ధి కాదు.

ఈ మాటలు కొలతలు చెబుతాయనుకుంటాం. మా విశాఖలోనే చూడండి. 1933లో మొదలైన పాత పోర్టు చట్టరీత్యా 'మేజర్'. ఉక్కు కర్మాగారం పక్కనే, 2009లో ప్రారంభోత్సవం జరిగిన గంగవరం పోర్టులోకి భారీ ఓడలొస్తాయి. అయినా అది మేజర్ కాదు, వాడుకలో 'మైనర్' పోర్టుల కోవలోదే. కేంద్రం పరిధిలో ఉంటే మేజర్, రాష్ట్రం పరిధిలో ఉంటే కాదు. లోతుతో పనిలేదు, అజమాయిషీ ఎవరిదన్నదే లెక్క.

ఆడవాళ్ళ పనికీ ఇదే లెక్క. 2011 జనాభా లెక్కల్లో ఏడాదికి ఆరు నెలలకన్నా తక్కువ పనిచేసినవాళ్ళు 'మార్జినల్ వర్కర్లు'. సొంత ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ 'నాన్ వర్కర్'. వంటా, నీళ్ళూ, పిల్లలూ, మంచాన పడ్డ అత్తగారూ ఇన్ని మోసినా ఆమెకి మార్జిన్‌లో కూడా చోటు లేదు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని రావిశాస్త్రిగారి 'ఆరు సారా కథలు'లోని 'మాయ' మళ్ళీ చదివాను. ఆయన విశాఖలో ప్లీడరు, కోర్టు భాష ఎరిగినవారు. కోర్టుకి ముత్యాలమ్మది ఒక పెట్టీ కేసు. ఆమె కుర్ర ప్లీడరుకి లోకం తీరు విప్పి చెబుతుంటే ఆ చిన్న కేసులోంచే వ్యవస్థ మొత్తం కనబడుతుంది. 'పెట్టీ' అన్న మాటకి ఇంతకన్నా గట్టి జవాబు మన కథల్లో నాకు తెలియదు. అయితే ఆమెని మనం ప్లీడరు ఎదుట మాట్లాడుతుండగా వింటాం. తోటి ఆడవాళ్ళతో ఆమె ఏం మాట్లాడుకుంటుందో రాయాల్సింది మనమే.

ఉక్కునగరం ఆవిడ తన కథలకి నన్ను ముందుమాట రాయమంది. నా చిత్తుప్రతి మొదటి వాక్యం: 'ఇవి సింపుల్ కథలు'. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. మగవాళ్ళ కథల్లో ఊరు గురించీ సమ్మె గురించీ రాసేటప్పుడు ఆ మాట నాకెప్పుడూ తట్టలేదని గుర్తొచ్చి సిగ్గేసింది. కొట్టేశాను.

ఇంగ్లీషులో 'జస్ట్' అంటే 'న్యాయమైన' అనే అర్థం కూడా ఉంది. ఆవిడకి ఫోన్ చేసి, పుస్తకం వెనక అట్ట మీద పరిచయంలో ఆ మాట తీసేయమన్నాను. "మరేం రాయనండీ?" అంది.

"కథలు రాస్తానని రాయండి" అన్నాను.