చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ కలిపి 18446744073709551615 గింజలు. వరం అడిగిన పండితుడి కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. సన్నరకం వడ్లు వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఇవి దాదాపు 36,900 కోట్ల టన్నులు. నెల్లూరు రైతుకు పుట్టి అంటే 850 కిలోలు. ఆ లెక్కన 43 వేల కోట్ల పుట్లకు పైమాటే. ప్రపంచమంతా ఏటా పండే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు కాబట్టి, ఆ పలక నిండాలంటే 460 ఏళ్ల పంట కావాలి. పెన్నా డెల్టా ఒక్కటే పూనుకుంటే ఎన్నేళ్లో అడక్కండి.

ఈ ఇరవై అంకెలనూ తెలుగువాళ్లు ఒక చంపకమాలలో దాచుకున్నారు. పద్యం పావులూరి మల్లనదిగా ప్రసిద్ధం. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన.

కిటుకు భూతసంఖ్యలది, అంటే అంకెకు బదులు మాట వాడటం. చంద్రుడు ఒకటి, వేదాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. ఒకచోట రెండు అయిదులు పక్కపక్కనే వస్తాయి. మొదటిదానికి ‘శర’, రెండోదానికి ‘సాయక’ అన్నాడు కవి. రెండూ మన్మథుడి బాణాలే. పాదం శకారంతో మొదలైంది, చంపకమాలలో పదకొండో అక్షరానికి యతి చెల్లాలి. ‘సా’ సరిగ్గా అక్కడే పడింది. ఇన్ని పర్యాయపదాలు లేకపోతే ఈ పని సాగేది కాదు.

ఒక అంకె జారిపోతే గణం తప్పి చెవికి పట్టుబడుతుంది. అయితే ఛందస్సు అన్నింటికీ కాపలా కాయలేదు. ‘చంద్ర’ బదులు ‘నేత్ర’ అని చదివినా నడక చెడదు, లెక్క మాత్రం చెడుతుంది. అప్పుడు అంకెలన్నీ కూడి చూడాలి. 87 వస్తే మూడుతో పోతుంది, 88 వస్తే పోదు.

మూడుతో ఎందుకు పోవాలి? ఆ ఇరవై అంకెల సంఖ్యకు ఒకటి కలిపితే 64 రెండ్లను హెచ్చవేసిన లబ్ధం. రెండు వర్గాల తేడాను విడదీసే బడి సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు కారణాంకాలు బయటపడతాయి. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ అంతేనని ఫ్రాన్సు గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు: అది 641ని 6700417తో హెచ్చవేస్తే వచ్చేదే. కాబట్టి పద్యం విప్పి రాసుకున్న సంఖ్యను 641తో భాగించి చూడండి, శేషం మిగలదు. మిగిలిందంటే ఎక్కడో ఒక అంకె తప్పు రాసుకున్నట్టే.