రామాయణమున నంత్యసంస్కారము

సంస్కారశబ్దమునందలి సకారము ఊరక చేరినది కాదు. సమ్ అను నుపసర్గకుఁ బరమైన కృఞ్ ధాతువునకు భూషణార్థమున సుడాగమమును విధించి, పాణిని పిమ్మటి సూత్రమున సమవాయార్థమును జేర్చెను. మృతదేహమునకు స్నానము చేయించి వస్త్రమాల్యములతో నలంకరించుట భూషణము; అందులకై బంధువులు కూడుట సమవాయము. కూలికిఁ జేయించినచో దహన మగునుగాని యీ రెండర్థములును లోపించును.

వాల్మీకి యీ యర్థమును రెండు మరణములయందుఁ జూపెను. దశరథునకు నలుగురు కొడుకులు. మరణకాలమున నొక్కఁడును జెంత లేఁడు. మంత్రులు దేహమును దైలద్రోణియం దుంచి, భరతునిఁ గేకయమునుండి రప్పించిరి. అతఁడు త్రోవలో నేడు రాత్రులు గడపెను. అయోధ్యలో సేవకులకుఁ గొదవ లేదు. కొదవయైనది కొడుకు చేయి.

అరణ్యకాండమున జటాయువుచెంత స్వజను లెవ్వరును లేరు. లక్ష్మణునిచేఁ గట్టెలు దెప్పించి, రాముఁడు తానే చితి రగిల్చి, పిండములిడి, గోదావరిలో నుదక మిచ్చెను. సీతావియోగార్తుఁ డింత విధిని సాంగముగా జరుపుట కథాగమనమున కడ్డని యాక్షేపింపవచ్చును. అది పొసఁగదు. తండ్రికి మందాకినీతీరమునఁ బిండోదకములు మాత్ర మీఁగలిగినవాఁడు, చితికి నిప్పిడు భాగ్యమును దండ్రి చెలికానియెడ నిచ్చటఁ బొందుచున్నాఁడు.

స్వబంధువునువలె దహించెనని కవి చెప్పినచోట నివశబ్దము సాదృశ్యమునే తెలుపును. అయినను నుదకదానము ముగియునప్పటికి నా సాదృశ్యము బంధుత్వమే యగుచున్నది. ఒక్క యవ్యయమున నింత కరుణ నిలిపినవాఁడు కనుకనే వాల్మీకి యాదికవి.